నియామక పత్రం చెప్పే నిజం: విశ్వవిద్యాలయ అధ్యాపకుడికి స్వేచ్ఛ ఎక్కడి నుంచి వస్తుంది?

నల్లగొండ జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో కొలవడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. నీటి నమూనాలో టిసాబ్ అనే బఫర్ ద్రావణం కలిపి, ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ముంచితే మీటరు మీద అంకె కనబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఫర్వాలేదు అన్నది భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినవాళ్లు ఎవరైనా ఒక పూటలో చేసేయగల పని ఇది.

అసలు కష్టం ఆ అంకె వచ్చాక మొదలవుతుంది. మిషన్ భగీరథ వచ్చాక జిల్లాలో కొత్తగా ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) బారిన పడ్డవాళ్లు లేరని ప్రభుత్వం ప్రకటించింది. ఒక అధ్యాపకుడు మర్రిగూడ మండలంలో ఇప్పటికీ బోరు నీళ్ల మీదే ఆధారపడ్డ ఇళ్లు వెతుక్కుంటూ వెళ్లి, పిల్లల పళ్లు చూసి, ఆ ప్రకటనకు సరిపోలని సంగతి రాయాల్సి వచ్చిందనుకుందాం. లేదంటే చౌటుప్పల్ చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీల పక్కనున్న బావుల్లో నీళ్లు పరీక్షించాడనుకుందాం. తేలింది తేలినట్టు రాసి, కింద తన పేరు పెట్టగలడా? అతని ధైర్యం కొంత లెక్కలోకి వస్తుంది. అంతకన్నా ఎక్కువగా లెక్కలోకి వచ్చేది అతని చేతిలో ఉన్న నియామక పత్రం. విద్యా స్వేచ్ఛ గురించి జరిగే చర్చల్లో చట్టాలు, సిద్ధాంతాలు చాలా దొర్లుతాయి. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వరకు ఆ చర్చను నియామక పత్రం దగ్గర మొదలుపెట్టడమే సరైనదని నా నమ్మకం.

ముందు ఒక చిక్కుముడి విప్పాలి. మాట్లాడే హక్కు వేరు, విద్యా స్వేచ్ఛ వేరు. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం పౌరులందరికీ భావప్రకటన స్వేచ్ఛ ఇచ్చింది, 19(2) దానికి కొన్ని హద్దులు పెట్టింది. పాన్‌డబ్బా దగ్గర నిలబడి ముఖ్యమంత్రిని విమర్శించడానికి ఆ హక్కు చాలు. విద్యా స్వేచ్ఛకు మాత్రం మన రాజ్యాంగంలో విడిగా అధికరణం లేదు. జర్మనీ తన రాజ్యాంగం 5వ అధికరణంలో పరిశోధన, బోధన స్వేచ్ఛగా ఉంటాయని ప్రత్యేకంగా రాసుకుంది.

ఏ విషయం మీద పరిశోధించాలి, తేలినదాన్ని ఎక్కడ అచ్చు వేయాలి, పాఠం ఎలా చెప్పాలి, తాను పనిచేసే విశ్వవిద్యాలయం దారి తప్పితే ఎలా ఎత్తిచూపాలి అన్నవాటిని అధ్యాపకుడు తన చదువును ఆధారం చేసుకుని నిర్ణయించుకోగలగడమే విద్యా స్వేచ్ఛ. అతను రాసింది తప్పో ఒప్పో తేల్చాల్సింది ఆ సబ్జెక్టు తెలిసిన తోటి అధ్యాపకులు. ఆ పని ఎమ్మెల్యేకో, ఫ్యాక్టరీ యజమానికో, కాలేజీ కరెస్పాండెంటుకో అప్పగిస్తే చదువుకు విలువ ఉండదు. దీనికి హద్దులూ గట్టివే. ఫిజిక్స్ సారు సిలబస్ వదిలేసి పీరియడంతా ఎన్నికల గురించి మాట్లాడినా, పరిశోధకుడు లెక్కలు కల్పించినా, ఎవరైనా విద్యార్థిని కులం పేరుతో చిన్నబుచ్చినా ఈ స్వేచ్ఛ వాళ్లను కాపాడదు.

మన దేశంలో ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1948-49 నాటి రాధాకృష్ణన్ కమిషన్ ఉన్నత విద్యకు డబ్బులివ్వడం ప్రభుత్వం బాధ్యతేనని, ఆ డబ్బు పేరుతో చదువు మీద పెత్తనం చేయకూడదని తేల్చి చెప్పింది. 1964-66 నాటి కొఠారి కమిషన్ ఇంకా సూటిగా రాసింది: తన అంతరాత్మకు, తాను నిజమని నమ్మినదానికి విరుద్ధమైనదాన్ని బోధించమని ఏ అధ్యాపకుణ్నీ ఆదేశించకూడదు. రెండూ ప్రభుత్వం నియమించిన కమిషన్లే.

ఇక ఉద్యోగ భద్రత. దీన్ని స్వేచ్ఛతో ముడిపెట్టిన కథ అమెరికాలో మొదలైంది. 1900లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ రాస్ అనే ఆచార్యుడి అభిప్రాయాలు సంస్థాపకుడి భార్య జేన్ స్టాన్‌ఫోర్డ్‌కు నచ్చలేదు, ఆయన్ను పంపించేశారు. ఆసియా నుంచి వచ్చే వలస కూలీల మీద రాస్ అన్న మాటల్లో జాతి ద్వేషం ఉంది, వాటిని సమర్థించాల్సిన పని లేదు. డబ్బు పెట్టినవాళ్లకు నచ్చకపోతే అధ్యాపకుడి ఉద్యోగం పోతుందా అన్న ప్రశ్న మాత్రం మిగిలింది. అందుకు నిరసనగా అక్కడే రాజీనామా చేసిన ఆర్థర్ లవ్‌జాయ్, జాన్ డ్యూయీ తదితరులతో కలిసి 1915లో ఆచార్యుల సంఘం స్థాపించాడు. ఆ సంఘం, కాలేజీల సంఘంతో కలిసి 1940లో చేసిన ప్రకటన ఇప్పటికీ ప్రామాణికం. ఏడేళ్లకు మించకుండా పరీక్షాకాలం ఉండాలి. ఆ గడువు దాటినవాణ్ని తీసేయాలంటే సరైన కారణం చూపించాలి, తోటివారి ముందు విచారణ జరగాలి. టెన్యూర్ అంటే ఇదే. జీవితాంతం ఎవరూ కదిలించలేని కుర్చీ అని చాలామంది అనుకుంటారు. దాని సారం అంతకన్నా చిన్నది: కారణం చెప్పకుండా తీసేయకూడదు, చెప్పిన కారణాన్ని రుజువు చేయాలి. అమెరికాలోనే ఇవాళ సుమారు మూడింట రెండు వంతుల అధ్యాపకులకు ఈ రక్షణ లేదు. బ్రిటన్ 1988 చట్టంతో కొత్తగా చేరేవాళ్లకు టెన్యూర్ తీసేసి, అదే చట్టంలో ప్రశ్నించే స్వేచ్ఛకు ఒక క్లాజు రాసిపెట్టింది.

నాలుగు రకాల సార్లు

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. బయటినుంచి చూస్తే అందరూ సార్లే, మేడంలే. ఒకే పాఠం చెబుతారు, ఒకే పేపర్లు దిద్దుతారు. వాళ్ల భద్రత మాత్రం నాలుగు తీర్లుగా ఉంటుంది.

నల్లగొండ ఎన్జీ కాలేజీ, మహబూబ్‌నగర్ ఎంవీఎస్ కాలేజీ లాంటి ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో రెగ్యులర్ లెక్చరర్లు ప్రభుత్వ ఉద్యోగులు. రాజ్యాంగం 311వ అధికరణం వాళ్లకు వర్తిస్తుంది, సాధారణంగా విచారణ లేకుండా తొలగించడం కుదరదు. అయితే ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు వాళ్ల నోటికి తాళం వేస్తాయి. ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించకూడదు. కేంద్ర ఉద్యోగుల నియమాల్లో శుద్ధ సాహిత్య, కళా, శాస్త్ర రచనలకు మినహాయింపు ఉంది. మరి మర్రిగూడ నీళ్ల అంకె శాస్త్రమా, ప్రభుత్వం మీద విమర్శా? ఆ గీత ఎక్కడ గీయాలో పై అధికారి చేతిలో ఉంటుంది. ఆయన చేతిలో బదిలీ అనే ఆయుధం కూడా ఉంటుంది. దానికి ఏ కారణమూ రాయనక్కర్లేదు, పరిపాలనా సౌలభ్యం అంటే చాలు.

విశ్వవిద్యాలయంలో రెగ్యులర్ అధ్యాపకుడి సంగతి వేరు. అతను విశ్వవిద్యాలయం ఉద్యోగి, ప్రభుత్వోద్యోగి కాడు కాబట్టి 311 వర్తించదు. కానీ విశ్వవిద్యాలయం చట్టం ద్వారా పుట్టిన సంస్థ, రాజ్యాంగం లెక్కలో అదీ రాజ్యమే. ఇష్టారాజ్యంగా వ్యవహరిస్తే సమానత్వ హక్కు ఇచ్చే 14వ అధికరణం పట్టుకుని హైకోర్టుకు వెళ్లొచ్చు. తొలగించాలంటే చార్జి మెమో ఇవ్వాలి, జవాబు తీసుకోవాలి, విచారణ జరపాలి, పాలకమండలిలో పెట్టాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం ప్రొబేషన్ ఏడాది, మహా అయితే మరో ఏడాది. అది దాటితే అమెరికాలో టెన్యూర్ అనే రక్షణకు దగ్గరి చుట్టం అతనికి దొరికినట్టే.

మూడో రకం కాంట్రాక్టు, పార్ట్‌టైం, గెస్ట్ అధ్యాపకులు. నాలుగో రకం అనుబంధ ప్రైవేటు డిగ్రీ కాలేజీల లెక్చరర్లు. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని యాజమాన్యం బీరువాలో పెట్టుకోవడం మన ఊళ్లలో తెలియని సంగతేం కాదు. సర్టిఫికెట్టే చేతిలో లేనివాడితో విద్యా స్వేచ్ఛ గురించి మాట్లాడటం క్రూరత్వం.

ఉస్మానియా నేర్పిన పాఠం

భద్రత ఎందుకు ముఖ్యమో తెలియాలంటే మన ఉస్మానియా చరిత్రే చాలు. 1965లో రాష్ట్ర ప్రభుత్వం ఉస్మానియా చట్టాన్ని సవరించి వైస్ చాన్స్‌లర్ పదవీకాలం తగ్గించింది. అప్పటికే పదవిలో ఉన్న డి.ఎస్. రెడ్డికి అది వర్తించదన్న వాదన రావడంతో 1966లో మరో సవరణ చేసి 13ఎ సెక్షన్ చేర్చింది. అప్పుడు పదవిలో ఉన్న వీసీ కొత్త వీసీ వచ్చేవరకే ఉంటారు, ఆ నియామకం 90 రోజుల్లో జరగాలి అని దాని సారాంశం. అంటే ఒకే ఒక్క మనిషిని దింపడానికి ఒక సెక్షన్. మిగతా వీసీలను తొలగించాలంటే విచారణ కావాలి, ఈయనకు అక్కర్లేదు. 1967లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను 14వ అధికరణానికి విరుద్ధమని కొట్టేసింది. వీసీ అంతటివాడికే కోర్టు మెట్లెక్కితే తప్ప రక్షణ దొరకలేదు. ఎక్కగలిగాడు కూడా, ఎందుకంటే చట్టం ఆయనకు ఒక గడువు రాసి ఇచ్చింది, ఆ గడువును పట్టుకుని వాదించగలిగాడు.

2000లో ఉస్మానియాలోనే పాఠాలు చెబుతున్న కంచ ఐలయ్య పత్రికల్లో రాస్తున్న వ్యాసాల మీద ఉస్మానియా రిజిస్ట్రార్ ఆయనకు లేఖ పంపారు. విద్వేషాలు రేగేలా రాయొద్దని, వృత్తి మర్యాదలకు లోబడి ఉండాలని దాని భావం. ఆయన దాన్ని బయటపెట్టారు, దేశమంతా చర్చ జరిగింది, ఆయన పాఠాలు చెబుతూనే ఉన్నారు, రాస్తూనే ఉన్నారు. ఐలయ్య రాతలతో ఏకీభవించడం, విభేదించడం ఎవరిష్టం వాళ్లది. నేను చూడమంటున్నది ఒకటే: విశ్వవిద్యాలయం కాగితం మీద లేఖ రాయాల్సి వచ్చింది. ఆ కాగితం ఉండబట్టే జనం దాన్ని ప్రశ్నించగలిగారు.

కోదండరాం సంగతి మన కళ్ల ముందు జరిగిందే. 2009 డిసెంబర్‌లో తెలంగాణ జేఏసీ ఏర్పడినప్పుడు ఆయన ఉస్మానియాలో రాజనీతిశాస్త్ర ఆచార్యుడు. 2011లో మిలియన్ మార్చ్, సకల జనుల సమ్మె నడిచినప్పుడు కూడా ఉద్యోగంలోనే ఉన్నారు. అప్పటి ప్రభుత్వానికి ఆయన మీద కోపం లేక కాదు. ఆయన స్థానంలో ఏడాదికోసారి రెన్యువల్ అయ్యే కాంట్రాక్టు అధ్యాపకుణ్ని ఊహించుకోండి. తెలంగాణ ఉద్యమానికి తరగతి గదులు ఇచ్చిన బలం గురించి గర్వంగా చెప్పుకుంటాం. ఆ బలం వెనక రెగ్యులర్ పోస్టులు ఉన్నాయన్న సంగతి రాష్ట్రం వచ్చాక అందరూ మరిచిపోయారు.

రెన్యువల్ కాని సంవత్సరం

నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. రెండూ ఉస్మానియా పీజీ సెంటర్ల మీద నిలబడ్డవే. ఫ్లోరైడ్ నేలకు, వలస కూలీల నేలకు సొంత విశ్వవిద్యాలయాలు రావడం చిన్న విషయం కాదు. కానీ మొదటినుంచీ రెండూ ఎక్కువగా కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకుల భుజాల మీదే నడుస్తున్నాయి. 2017లో రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల్లో 1,061 అధ్యాపక పోస్టుల భర్తీకి ప్రభుత్వం అనుమతిచ్చింది, భర్తీ జరగలేదు. 2022లో ఉమ్మడి నియామక బోర్డు బిల్లు శాసనసభలో గట్టెక్కి గవర్నర్ దగ్గర ఆగింది.

యూజీసీ 2018 నిబంధనలు మొత్తం అధ్యాపక పోస్టుల్లో కాంట్రాక్టు నియామకాలు 10 శాతం మించకూడదన్నాయి. వాళ్ల జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థూల జీతం కన్నా తగ్గకూడదనీ అన్నాయి. 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదాలో ఆ 10 శాతం హద్దు కనబడలేదు. నియమం పాటించని విశ్వవిద్యాలయాలను దారికి తేవడం మాని నియమాన్నే తీసేయాలనుకోవడం నాకు చాలా బాధ కలిగించింది.

కాంట్రాక్టు నియామక పత్రాల్లో సాధారణంగా కనిపించే వాక్యాలు ఒక్కసారి నెమ్మదిగా చదవండి. ఈ నియామకం పూర్తిగా తాత్కాలికం. విద్యా సంవత్సరం చివరి పనిదినంతో ముగుస్తుంది. ముందస్తు నోటీసు లేకుండా, కారణం చూపకుండా రద్దు చేయవచ్చు. దీని ఆధారంగా రెగ్యులర్ చేయమని కోరే హక్కు ఉండదు. ఇంత రాశాక ఎవరూ ఎవరినీ బెదిరించాల్సిన అవసరం లేదు. జూన్‌లో కొత్త ఆర్డర్ల జాబితాలో పేరు లేకపోతే అంతే సంగతులు. మెమో లేదు, చార్జి లేదు, విచారణ లేదు. కోర్టులో చూపించడానికి చీటీ ముక్క కూడా ఉండదు. వర్క్‌లోడ్ తగ్గింది అంటారు, నిజంగా తగ్గి ఉండొచ్చు కూడా. తేల్చడం ఎలా?

ఈ మొత్తం వ్యవహారంలో కంటికి కనబడని భాగం ఇదే. మన జిల్లాల్లో విద్యా స్వేచ్ఛకు భంగం కలిగిన ఉదంతాలు పెద్దగా రికార్డుల్లోకి ఎక్కవు. ఎక్కాలంటే ముందు ఎవరైనా ఏదైనా రాయాలి, తర్వాత వాళ్ల మీద కాగితం మీద చర్య జరగాలి. ఇద్దరు పిల్లల ఫీజులు కట్టాల్సిన కాంట్రాక్టు సారు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాడు. చౌటుప్పల్ బావుల బదులు ల్యాబులో తయారుచేసే ఏదో కొత్త సమ్మేళనం మీద పేపర్ రాస్తాడు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల్లో భూములు పోయిన ఊళ్ల పునరావాసం గురించి అడిగి రాసే బదులు స్వయం సహాయక సంఘాల పొదుపు మీద సర్వే చేస్తాడు. అవీ పనికొచ్చే పనులే, అతన్ని తప్పుపట్టను. రాయకుండా మిగిలిపోయిన పేపర్ల లెక్క మాత్రం ఏ నివేదికలోనూ రాదు.

దీనికి ఇంకో ముడి ఉంది. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం పరిశోధక విద్యార్థులను తీసుకోవాలంటే రెగ్యులర్ అధ్యాపకుడై ఉండాలి. ప్రొఫెసర్‌కు 8 మంది, అసోసియేట్‌కు ఆరుగురు, అసిస్టెంట్‌కు నలుగురు. రెగ్యులర్ పోస్టులు ఖాళీగా ఉంటే పీహెచ్‌డీ సీట్లే ఉండవు. దేవరకొండ వైపు పెద్దగట్టు, లంబాపూర్ యురేనియం గురించి, 2019లో నల్లమలలో యురేనియం సర్వే మీద రేగిన ఆందోళన గురించి, అమ్రాబాద్ చెంచుల గురించి ఏళ్ల తరబడి పనిచేసే పరిశోధకులు స్థానికంగా తయారవ్వాలంటే వాళ్లకు గైడు కావాలి, గైడుకు పోస్టు కావాలి. 2019 సెప్టెంబర్‌లో నల్లమల యురేనియానికి వ్యతిరేకంగా శాసనసభే తీర్మానం చేసింది. అలాంటి సమయంలో భూగర్భజలం మీద, అడవి మీద సొంత లెక్కలు చెప్పగలిగే విశ్వవిద్యాలయం పక్కనే ఉంటే జనానికి ఎంత ఆసరా!

రెగ్యులర్ అయితే పని చేయరు అనే మాట

ఈ మాట ఊళ్లో గట్టిగానే వినిపిస్తుంది, దాన్ని కొట్టిపారేయలేం. తరగతికి రాని ప్రొఫెసర్లు, పాత నోట్సుతో పదేళ్లు వెళ్లదీసేవాళ్లు ఉన్నారు. కానీ పాఠం చెప్పకపోవడం తొలగింపుకు సరైన కారణమే. దానికి మెమో ఇచ్చి విచారణ చేసే అధికారం విశ్వవిద్యాలయానికి ఇప్పుడూ ఉంది. ఆ అధికారం వాడని పాలకుల తప్పుకు భద్రతను నిందించడం సరికాదు. ఇంకో వైపు చూడండి, ఎక్కువ తరగతులు తీసుకునేది కాంట్రాక్టువాళ్లే. భయంతో పాఠం చెప్పించొచ్చు. నిజం మాత్రం భయంతో రాయించలేం.

రెగ్యులర్ పోస్టు ఉంటే అంతా స్వేచ్ఛే అని నేననడం లేదు. క్యారియర్ అడ్వాన్స్‌మెంట్ పదోన్నతి ఫైలు రిజిస్ట్రార్ దగ్గర ఉంటుంది. వీసీ పదవి మీద ఆశ ఉన్నవాళ్లు అసలే నోరు మెదపరు. క్రిమినల్ కేసుల ముందు పోస్టు కూడా నిలవదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన జి.ఎన్. సాయిబాబాను 2014లో అరెస్టు చేశారు, 2021లో ఉద్యోగం నుంచి తొలగించారు. 2024 మార్చిలో బాంబే హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది, అదే ఏడాది అక్టోబర్‌లో హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూశారు. షాద్‌నగర్ దగ్గరి మొగిలిగిద్దలో పుట్టిన హరగోపాల్ సారు మీద ములుగు జిల్లా తాడ్వాయిలో ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) కేసు నమోదైందని 2023లో బయటపడింది. రిటైరై ఏళ్లు గడిచిన ప్రొఫెసర్ ఆయన. విమర్శలు రావడంతో ఆ కేసు వెనక్కి తీసుకోవాలని అప్పటి ముఖ్యమంత్రి ఆదేశించారు. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో పరిస్థితి ఇంకా పల్చన. 2023లో ఎన్నికల లెక్కల మీద రాసిన ఒక పరిశోధనా పత్రం చుట్టూ రేగిన వివాదంలో అశోకా విశ్వవిద్యాలయం అధ్యాపకుడు రాజీనామా చేశారు.

కోర్టులు కాంట్రాక్టువాళ్లకు ఏం చెప్పాయన్నది చివరి ముడి. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఎన్నేళ్లు పనిచేసినా తాత్కాలిక ఉద్యోగికి క్రమబద్ధీకరణ హక్కుగా రాదంది. దొడ్డిదారి నియామకాలను ఆపాలన్నది అందులో అసలు ఉద్దేశం. 2016లో జగ్జీత్ సింగ్ కేసులో తాత్కాలిక ఉద్యోగులకూ సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలంది. 2024 డిసెంబర్‌లో జగ్గో కేసులో, ఏళ్ల తరబడి శాశ్వత స్వభావం ఉన్న పని చేయించుకుంటూ ఉమాదేవి తీర్పును అడ్డం పెట్టుకుని తప్పించుకోవద్దని ప్రభుత్వ సంస్థలను మందలించింది. 2025లో మన రాష్ట్రంలో రెగ్యులర్ చేయాలంటూ సమ్మెకు దిగిన విశ్వవిద్యాలయ కాంట్రాక్టు అధ్యాపకుల వాదన ఈ తీర్పుల నడుమే తిరుగుతోంది. బయట అధ్యాపక అర్హత పరీక్ష నెట్ పాసై, పీహెచ్‌డీ చేసి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న యువకుల వాదన కూడా తీసిపారేసేది కాదు. నా మట్టుకు, ఖాళీలన్నిటికీ నోటిఫికేషన్ ఇచ్చి, ఏళ్లుగా చెబుతున్నవాళ్ల అనుభవానికి తగిన మార్కులు కలపడం న్యాయమనిపిస్తుంది. పోస్టును ఖాళీగా ఉంచి ఇద్దరినీ ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పడం అన్నిటికన్నా అన్యాయం.

మీ పిల్లలు మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల్లో దేనిలోనైనా చదువుతుంటే, సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి ఈ ప్రశ్నలు అడగొచ్చు. విభాగాల వారీగా మంజూరైన పోస్టులెన్ని, రెగ్యులర్‌గా నిండినవెన్ని? కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకులు ఎందరు, నెలకో గంటకో ఎంత ఇస్తున్నారు? గత ఐదేళ్లలో రెన్యువల్ కానివాళ్లు ఎందరు, ప్రతి ఒక్కరి ఫైల్లో రాసిన కారణం ఏమిటి? 30 రోజుల్లో జవాబు రావాలి. చివరి ప్రశ్నకు వచ్చే జవాబును శ్రద్ధగా చదవండి. ఫైల్లో కారణమే రాయలేదని చెబితే, ఆ జవాబునే ఆధారంగా దాచుకోండి; గడువులో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి.